దాసదాస బిరుదము

క్రీ. శ. 595వ సంవత్సరమున రోము పీఠాధిపతియైన గ్రెగొరీకిని, కాన్‌స్టాంటినోపిలు పీఠాధిపతియైన యోహానునకును ఒక విశేషణమును గూర్చి వివాదము ముదిరెను. రాజ్యము కొఱకు గాదు, ధనము కొఱకు గాదు. మతసిద్ధాంతమునందును వారికి భేదము లేదు. యోహాను ‘ఒయికుమెనికోస్’ అను పదమును తన బిరుదమున జేర్చుకొనుటయే కలహకారణము. ఉత్తపేరు కొఱకు పీఠములు కలహింపరాదని మారీసు చక్రవర్తియే గ్రెగొరీకి వ్రాసెను. శబ్దశక్తి నెఱిగినవారికి ఉత్తపేరనునది లేదు.

లోకమున రాజులు ప్రజలపై ప్రభుత్వము చేయుదురనియు, శిష్యులలో నట్లుండరాదనియు, ప్రథముడు కాగోరువాడు అందఱకు దాసుడు కావలెననియు యేసు బోధించినట్లు మార్కు సువార్తలో గలదు. ఆదికాలపు పదవుల పేళ్లు నీ బోధకు దగినట్లే యుండెను. ‘దియాకోనొస్’ అనగా పరిచారకుడు. ‘ఎపిస్కొపొస్’ అనగా పైనుండి కనిపెట్టి చూచువాడు. తెలుగు బైబిలు ననువదించినవారు దీనికి ‘అధ్యక్షుడు’ అని వ్రాసిరి. ‘అధి’ అను నుపసర్గమును నేత్రవాచకమైన ‘అక్ష’ శబ్దమును గ్రీకుపదమునకు అవయవమున కవయవముగ సరిపోవుచున్నవి; అనువాదకులు దీనిని తలచి చేసినను తలపక చేసినను మెచ్చదగినదే. కాని 4వ శతాబ్దమున చక్రవర్తులు క్రైస్తవులైన పిమ్మట పీఠముల గౌరవము నగరముల గౌరవము ననుసరించి పెరుగసాగెను. 381వ సంవత్సరపు సభ, కాన్‌స్టాంటినోపిలు క్రొత్తరోము గావున దాని యధ్యక్షునకు రోము తరువాతి స్థానము నిచ్చెను. సేవకుల వరుసను రాజధానులు నిర్ణయించెనన్నమాట.

యోహాను గర్విష్ఠి యని తలచుట పొరపాటు. ఆయనకు ‘ఉపవాసి’ యని పేరు. ధర్మకార్యముల కొఱకాయన చక్రవర్తియొద్ద పెద్దమొత్తము అప్పుగొనెననియు, 595లో మరణించినప్పుడు కొయ్యమంచమును, ఉన్నికంబళియు, పైవస్త్రమును దప్ప నేమియు దొరకలేదనియు, చక్రవర్తి ఋణపత్రమును చించివైచి యా మంచమునే తెప్పించుకొని వ్రతదినములందు దానిపై శయనించెననియు థియొఫిలాక్టు అను చరిత్రకారుడు వ్రాసెను. ఇట్టివాడు తన శరీరమునకై యేమియు గోరలేదు, పీఠమునకై గోరెను. వివాదమంతయు నిందున్నది. తనకు వలదన్నదానిని తన పదవికి గావలెనని పట్టుపట్టువాడు ఆ పట్టును వినయమనియే భావించును.

గ్రెగొరీయు సామాన్యుడు కాడు. ఉన్నతకులజుడు, రోము నగరపాలకుడుగ నుండి, పిదప తన గృహమునే మఠముగ మార్చి సన్న్యసించెను. 590లో పోపయ్యెను. ఆయన వాదము తార్కికులు మెచ్చదగినది. ఒక్కడు సార్వత్రికాధ్యక్షుడైనచో దక్కినవారు అధ్యక్షులే కాకపోవుదురని ఆయన యాక్షేపము. మన శాస్త్రభాషలో జెప్పినచో, ఆ విశేషణమునకు అన్యయోగవ్యవచ్ఛేదము ఫలమని ఆయన గ్రహించెను. 598లో అలెగ్జాండ్రియా యధ్యక్షుడైన యూలోగియసు గ్రెగొరీనే ‘సార్వత్రికపోపు’ అని సంబోధింపగా, తన సోదరుల గౌరవమును తగ్గించునది తనకు గౌరవము కాదని యాయన నిరాకరించెను. ఎదిరికి నిషేధించినదానిని తనకును నిషేధించుకొనుట వాదులలో నరుదు.

అయినను శబ్దవిషయమున గ్రెగొరీ కొంత తొందరపడెను. గ్రీకున ‘ఒయికుమెనె’ యనగా జనులు నివసించు భూమి. గృహవాచకమైన ‘ఒయికోస్’ శబ్దము సంస్కృత ‘వేశ’ శబ్దమునకు తోబుట్టువు. ఆ కాలపు వాడుకలో ఆ పదము రోమకసామ్రాజ్యమునే బోధించుచుండెను. జస్టీనియను చక్రవర్తి శాసనములందే ఈ బిరుదము గలదు. కావున యోహానుని యుద్దేశము ‘సామ్రాజ్యపీఠాధ్యక్షుడు’ అనునంతమాత్రమే కావచ్చును. లాటినున దానిని ‘ఊనివెర్సాలిస్’ అని మార్చగా నర్థము విశ్వమంతయు నాక్రమించెను. కాన్‌స్టాంటినోపిలున సుమారు ఆఱేండ్లున్నను గ్రెగొరీ తనకు గ్రీకు రాదని చెప్పుకొన్నవాడు.

ఆయన తనకు వాడుకొన్న మాట ‘సెర్వుస్ సెర్వోరుమ్ దేయీ’, దేవుని దాసులకు దాసుడు. యోహానునకు బదులుగ నీ బిరుదమును గల్పించెనని 9వ శతాబ్దపు జీవితచరిత్రకారుని మాట. కాని పోపు కాకమునుపు, 587వ సంవత్సరపు దానపత్రముననే యిది కనబడుచున్నది. దీనికి మూలము నోవహు కనానునకిచ్చిన శాపము. తెలుగు బైబిలున నచ్చట ‘దాసానుదాసుడు’ అని యున్నది. ఒకనికి శాపమైనదానిని మఱియొకడు బిరుదముగ ధరించెను. మన వైష్ణవులకు ఈ భావము క్రొత్త గాదు.

అధికారులకై యాయన వ్రాసిన గ్రంథమున మనుజులెల్లరు స్వభావముచే సమానులనియు, ముందుండుటకు గాక మేలుచేయుటకు సంతసింపవలెననియు గలదు. లాటినున ఈ రెండు క్రియలు ‘ప్రయెస్సె’, ‘ప్రోదెస్సె’. రెండింట ధాతువొకటే, మన ‘అస్’ ధాతువునకు జ్ఞాతి. హృ ధాతువు ఆహార, విహార, ప్రహారములైనట్లు ఇచ్చటను ఉపసర్గమే యర్థమును ద్రిప్పినది. ఈ చమత్కారము గ్రెగొరీది గాదు. ఆయనకు ముందే అగస్తీను దీనిని వాడెను.

ఈ వినయవాది చరిత్రలో నొక మచ్చయు గలదు. 602లో ఫోకాసు మారీసును, అతని కుమారులను చంపి సింహాసన మాక్రమింపగా, గ్రెగొరీ ఆ ఘాతకునకు అభినందనలేఖ వ్రాసెను. దూరదేశమున నిజము తెలియలేదని కొందఱు సమర్థింతురు. ఆ సమర్థనము బలహీనము. గ్రెగొరీ 604లో మరణించెను. 607లో ఆ ఫోకాసే రోము పీఠము సర్వసంఘములకు శిరస్సని శాసించెను. అప్పటి పోపు బోనిఫేసు దాని నంగీకరించెను.

‘రాజరాజు’ అను సమాసమున షష్ఠి ఆధిక్యమును దెలుపును. ‘దాసదాసుడు’ అనునదియు నట్టి సమాసమే. షష్ఠి యిచ్చట నాధిక్యమును గాక లోవను దెలుపవలెను. 12వ శతాబ్దము నాటికి ఈ మాట పోపులకే చెల్లునదయ్యెను. 1570లో అయిదవ పయసు ఇంగ్లండు రాణి ఎలిజబెత్తును రాజ్యభ్రష్టురాలిగ బ్రకటించిన శాసనమునందు మొదటి పంక్తిలో, పయసను పేరునకు పిమ్మట, ఆయన దేవుని దాసుల దాసుడని యున్నది. రోము పీఠము నేటికిని బ్రకటించు వార్షికగ్రంథమున పోపు బిరుదములలో ‘సార్వత్రికసంఘ ప్రధానాచార్యుడు’ అను నొకటి గలదు. దాసదాసబిరుదము కడపట నున్నది.