వేపచెట్టు స్టార్టర్ డబ్బా నుంచి సోలార్ డబ్బా దాకా



పోస్టు కొంచెం పొడుగే. పల్లికాయ ఒలుసుకుంటనన్నా చదువుండ్రి, సగంలో మాత్రం ఆపకుండ్రి. బాయి కాడి కరెంటు డబ్బా గురించి రాస్తున్న. మోటరు గురించి దినామూ మాట్లాడుకుంటం, బోరు లోతు గురించి మాట్లాడుకుంటం. డబ్బా ముచ్చట మాత్రం అది కాలిన రోజే వస్తది.

పోయిన ఎండకాలం మా పెద్దనాయన కొడుకు చెల్కల అదే జరిగింది. ఆయనది 5 హార్స్‌పవర్ సోలార్ మోటరు. ప్యానెళ్ల కింద చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో బ్రేకర్. ఆ బ్రేకర్ చెడిపోతే టౌనుకు పోయి ఒక షాపులో 32 ఆంపియర్లది కొత్తది తెచ్చి బిగించిండు. నెల రోజులు బాగనే నడిచింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మోటరు నడుస్తుండంగనే పైపు ఊడిపోయింది. ఉరికొచ్చి బ్రేకర్ కిందికి కొట్టిండు. మోటరు ఆగలే. డబ్బాలోంచి తెల్లటి మంట, వెల్డింగు చేసినట్టు జుయ్యిమని శబ్దం. చెయ్యి కాలింది. ఆ మంట చూసి ఆయన చేసిన పని ఏందో తెలుసా? ఫ్యూజు పీకుదామని ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు ఉరికిండు. సగం దూరం పోయినంక యాదికొచ్చింది, ఈ మోటరుకు ట్రాన్స్‌ఫార్మరే లేదని.

మేము పోయేసరికి డబ్బా కరిగి కారుతున్నది. పల్లికాయ ఆరబోసే పట్టాలు తెచ్చి ప్యానెళ్ల మీద కప్పితే గాని మంట ఆగలే. ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. ముప్ఫై ఏండ్లు మోటరు నడిపిన మనిషి ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు ఎందుకు ఉరికిండు? మన చేతులకు ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? అది తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలె.

మన తాతల కాలంలో బాయి అంటే మోట. ఎద్దులు ముందుకు పోతే బొక్కెన పైకి వచ్చేది. తర్వాత కొందరు ఆయిల్ ఇంజన్లు తెచ్చిండ్రు. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో పుట్టింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చినంక పల్లెల్లో స్తంభాలు పాతుడు జోరందుకున్నది. కరెంటు మోటరు వచ్చిన తొలినాళ్లల్ల బాయి గడ్డ మీద చిన్న రేకుల కొట్టం, అందులో చెక్క పలక, పలక మీద మీటరు, పింగాణీ ఫ్యూజులు, ఇనుప మెయిన్ డబ్బా, స్టార్టర్. చూడబుద్ధి అయ్యేటట్టు ఉండేదని మా నాయన చెప్పేటోడు. వైర్లు వంకర లేకుండా, ఎర్తు తీగ వేరేగా ఉండేదట.

ఆ స్టార్టర్‌ది కూడా ఒక కథ. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉన్న ఎల్ అండ్ టీ స్టార్టర్ చూడని రైతు ఉండడు. ఆ కంపెనీని 1938లో బొంబాయిలో ఇద్దరు డెన్మార్క్ ఇంజనీర్లు పెట్టిండ్రు, లార్సెన్ ఒకాయన, టుబ్రో ఒకాయన. మనం ఎల్ అండ్ టీ అనేది ఆ ఇద్దరి పేర్లే. ఆ డబ్బా లోపల రెండు తెలివైన పనులు ఉన్నయి. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తది, మళ్లీ వచ్చినా మనం పచ్చది నొక్కేదాకా మోటరు తిరగదు. మోటరు మీద భారం ఎక్కువైతే లోపలి రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగి మోటరును ఆపుతది. రెండూ మన ప్రాణం కోసం, వైండింగ్ కోసం పెట్టినవే.

మరి మనం ఏం చేసినం? పచ్చ బటన్‌కు పుల్ల అడ్డం పెట్టినం. రిలే పడిపోతే తీగ చుట్టి కట్టేసినం. తప్పంతా మనదే అనను. రాత్రి రెండింటికి కరెంటు ఇస్తే, టార్చిలైటు పట్టుకొని పాముల మధ్య పోయి బటన్ ఎవడు నొక్కుతడు? ఆటో స్టార్టర్లు పుట్టింది ఆ బాధ లోంచే. రెండు ఫేజులే వస్తే కండెన్సర్ పెట్టి మూడో ఫేజు పుట్టించిన మొనగాళ్లు ఊరూరా ఉన్నరు.

ఇంకో ముచ్చట. 1980లల్ల మీటరు పోయి హార్స్‌పవర్‌కు ఇంత అని స్లాబు వచ్చింది. ఎన్టీ రామారావు సర్కారు దాన్ని హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు చేసింది. (అంత చేసిన మనిషిని 1989లో మన కల్వకుర్తిలోనే ఓడగొట్టినం, అది వేరే కథ.) 2004లో ఉచిత కరెంటు, తెలంగాణ వచ్చినంక 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు. రైతుకు ఇవన్నీ మేలే. కాకపోతే నా లెక్కల, మీటరు పోయిననాడే పలక కూడా పోయింది. రీడింగు కోసం వచ్చే మనిషి రాకపోతే డబ్బా ఎట్లుందో చూసేటోడు లేడు. కొట్టం కూలింది, స్టార్టర్ వేపచెట్టుకు ఎక్కింది. మూత ఊడితే యూరియా సంచి కప్పినం. బల్లి దూరి షార్టయితే బల్లిని తిట్టినం.

అంత అధ్వాన్నంగా ఉన్నా బతికినం. ఎందుకు? చివరికి ఒక దారి ఉండె. ఏం జరిగినా ట్రాన్స్‌ఫార్మర్ కాడ బంద్ చేస్తే చెల్క అంతా చచ్చిన తీగలే. మన చేతులు నేర్చుకున్న భద్రత అదొక్కటే.

సోలార్‌లో ఆ దారి లేదు. కరెంటు తయారయ్యేది మన నెత్తి మీదనే. పొద్దు ఉన్నంతసేపు ప్యానెల్ నుంచి డబ్బా దాకా వచ్చే తీగలల్ల వోల్టేజీ ఉంటనే ఉంటది. బ్రేకర్ ఆఫ్ చేస్తే బ్రేకర్ అవతల చచ్చిపోతది, ఇవతల కాదు.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఇది డీసీ కరెంటు. లోకంలో జనానికి తొలుత అమ్మిన కరెంటులో డీసీదే పెద్ద పేరు. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లో ఎడిసన్ మొదలుపెట్టిన పెర్ల్ స్ట్రీట్ కేంద్రం డీసీదే. దాని వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచలేరు, అందుకే దూరం పోలేకపోయింది. కొన్నేండ్లకే ఏసీ గెలిచింది. మన ఊర్లకు తీగలు వచ్చేటాలకు అంతా ఏసీనే. మనకు తెలిసిన డీసీ అంటే ట్రాక్టర్ బ్యాటరీ, మందు కొట్టే పంపు బ్యాటరీ. 12 వోల్టులు, వైర్లు తగిలిస్తే చిట్‌మని ఒక రవ్వ, అంతే. అందుకే డీసీ అంటే సాధువు అనుకుంటం. ఒక్క ప్యానెల్ అయితే 40, 50 వోల్టులే. పది ప్యానెళ్లు ఒకదాని తోకకు ఒకటి కలిపితే 450 దాటుతది. అది సాధువు కాదు.

నీళ్లు పారబెట్టే మనకు ఇది ఇట్ల చెప్తే అర్థమైతది. కాలువల నీళ్లు ఆగి ఆగి వస్తున్నయి అనుకో, ఆగిన క్షణాన నాలుగు పారల మట్టి వేస్తే మడువ కట్టుకుంటది. ఏసీ అట్లాంటిది. సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తది. బ్రేకర్ విప్పుకున్నప్పుడు నడుమ లేచే మంట ఆ సున్నా కాడ ఆరిపోతది. వానకాలం దుందుభి వాగు పారుతున్నప్పుడు అవే నాలుగు పారలు వేసి చూడు, మట్టి నిలుస్తదా? డీసీ అది. ఎక్కడా ఆగదు. బ్రేకర్ కొద్దిగ విప్పుకుంటే ఆ సందులోంచి మంటగా పారుతనే ఉంటది.

ఇప్పుడు మనం వాడే చిన్న బ్రేకర్‌ను జర్మనీలో హ్యూగో స్టోట్జ్ అనే ఆయన 1924లో చేసిండు. ఇండ్లల్ల, షాపులల్ల దొరికేది ఏసీ కోసం తయారయ్యే ఆ జాతిదే. డీసీ బ్రేకర్ బయటికి అట్లనే కనిపిస్తది, లోపల మాత్రం తేడా. మంటను సాగదీసి రేకుల నడుమకు తోసి, ముక్కలు చేసి చంపాలె. కొన్నిట్ల మంటను తోయడానికి అయస్కాంతం పెడతరు. అట్లాంటి దాని మీద ప్లస్, మైనస్ గుర్తులు ఉంటయి. తలకిందులుగా కలిపితే అయస్కాంతం మంటను ఎదురు దిక్కుకు తోస్తది, అప్పుడు డీసీ బ్రేకర్ కూడా కాలుతది. మా అన్న తెచ్చింది ఇంటి బ్రేకర్. షాపులో ఇచ్చినాయన అడగలే, ఈయన చెప్పలే.

డబ్బా సంగతి కూడా మారింది. ప్యానెళ్ల డబ్బా ఇరవై ఏండ్లు ఎండకు, వానకు బయటనే ఉండాలె. దాని మీద ఐపీ 65 అని ఉంటది. 6 అంటే దుమ్ము చొరదు, 5 అంటే పైపుతో నీళ్లు కొట్టినా లోపలికి పోవు. ఆ అంకె కంపెనీ ఇచ్చినంత వరకే. మనం పై నుంచి రంధ్రం పొడిచి తీగ దించిన నిమిషాన అది మామూలు డబ్బా అయిపోతది. తీగలు కిందినుంచే రావాలె, ఒక్కో తీగకు గట్టిగ పట్టే గ్లాండు ఉండాలె. ఖాళీ రంధ్రం ఉంటే మూత పెట్టాలె, లేకపోతే చీమలు, కందిరీగలు ఇల్లు కడతయి. ఎండ పడే చోట ఇనుప డబ్బా పెడితే లోపల ఉడుకుతది. ఇంటి బ్రేకర్లను మామూలుగా 30 డిగ్రీల వేడి లెక్కన తయారుచేస్తరు, మన మే నెల సంగతి మీకు చెప్పాల్నా. ప్యానెళ్ల నీడన, ఉత్తరం దిక్కు పెట్టుకుంటే సగం బాధ పోతది. స్క్రూ వదులైతే అక్కడ వేడి, వేడికి తీగ ఇంకా వదులు. ఏసీకీ ఇదే నియమం, కాకపోతే డీసీలో అక్కడ మంట పుడితే ఆరదు.

పెద్దోళ్లకు ఇవన్నీ కావు అనుకోకుండ్రి. కొట్ర చౌరస్తా మీదుగా శ్రీశైలం పోయే తొవ్వలనే మన జిల్లా ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం ఉంది. 150 మెగావాట్ల మిషన్లు ఆరు. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయిండ్రు. ఏడుగురు జెన్‌కో వాళ్లు, ఇద్దరు బ్యాటరీ కంపెనీ వాళ్లు. అంత పెద్ద కేంద్రాలల్ల బ్రేకర్లు పడాలంటే ఆ ఆజ్ఞ బ్యాటరీల డీసీ కరెంటుతోనే పోతది. కరెంటును పుట్టించేటోళ్లే దానికి బలైండ్రు. ఆ తెల్లారి మన దిక్కు ఎవరింట్ల చూసినా టీవీ ముందర అదే ముచ్చట.

ఎందుకు ఇప్పుడే రాస్తున్న అంటే, సోలార్ మన మీదికి జోరుగ వస్తున్నది. మొదటి సిలికాన్ సోలార్ సెల్‌ను అమెరికాల 1954లో లోకానికి చూపించిండ్రు, మన చెల్కల దాకా రావడానికి అరవై ఏండ్లు పట్టింది. 2010లో జాతీయ సోలార్ మిషన్, 2019లో పీఎం కుసుమ్. 2025 మే నెలల అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది, అడవి భూముల పట్టాలు ఉన్న గిరిజన రైతులకు సోలార్ పంపులు ఇస్తమన్నరు. అదే ఏడాది వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇండ్ల మీద 3 కిలోవాట్ల లెక్కన ప్యానెళ్లు ఎక్కినయి. మంచిదే. కాకపోతే ప్యానెల్ ఎన్ని వాట్లది అని అడిగినట్టు డబ్బాల ఏం పెట్టిండ్రు అని మనం అడుగుతలేం. బిగించేటోడు మిగిల్చుకోవాలంటే ముందు మిగిల్చేది అక్కడనే.

రేపు పొద్దుగూకినంక, ప్యానెళ్ల మీద వెలుతురు పూర్తిగా పోయినంక, మీ డబ్బా మూత తెరిచి చూడుండ్రి. లోపల చెయ్యి పెట్టకుండ్రి, చదువుండ్రి చాలు. బ్రేకర్ మీద డీసీ అనో, గీత కింద చుక్కల గీతనో ఉందా, ఎన్ని వోల్టుల వరకు అని రాసుంది, ప్లస్ మైనస్ గుర్తులుంటే తీగలు అట్లనే కలిసినయా. అలల గీత, 230 లేదా 400 మాత్రమే ఉంటే అది ఇంటి బ్రేకర్. దానితో మధ్యాహ్నం ఆఫ్ చేయకుండ్రి. ముందు కంట్రోలర్ మీది స్విచ్‌తో మోటరు ఆపి, పొద్దు పోయినంక తెలిసిన మనిషితో మార్పించుకోండ్రి. ప్యానెళ్ల తీగల ప్లగ్గులు కూడా మోటరు నడుస్తుండంగ గుంజకుండ్రి, అక్కడా అదే మంట.

మా అన్న చెయ్యి మానింది. రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకుంటలేవు. కొత్త డబ్బా ప్యానెల్ నీడకు జరిపినం, డీసీ బ్రేకర్ పెట్టినం. డబ్బా పక్కన రెండు పాత పట్టాలు మడతపెట్టి కట్టి ఉంచిండు. పల్లికాయకు అడిగినా ఇస్తలేడు.