ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో సాంకేతిక వివాదాల పరిష్కారం
సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో రూపకల్పనపై తలెత్తే భేదాభిప్రాయాలు చాలావరకు ఓట్లతో కాక, లిఖిత ప్రతిపాదనలపై సాగే చర్చతోనే తీరతాయి. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టులలో కోడ్ మార్పును అడ్డుకునే వీటో సాంకేతిక కారణం చూపితేనే చెల్లుతుంది. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో చర్చ తెగనప్పుడు సాంకేతిక సమితి తీర్పు చెబుతుంది. అయితే కంప్యూటర్‌ను ప్రారంభించి సేవలను నడిపే సిస్టమ్‌డీని స్వీకరించే విషయంలో 2014లో ఆ సమితి సైతం సమంగా చీలిపోయి, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో గట్టెక్కగా, అసంతృప్తులు విడిపోయి డెవువాన్ అనే వేరే ప్రాజెక్టును నెలకొల్పారు. కోడ్ నకలుతో ఇలా వేరుపడే 'ఫోర్క్' హక్కు, ఎవరూ వాడకపోయినా, నాయకులను అదుపులో ఉంచుతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో తుది నిర్ణయాధికారం గల సృష్టికర్త గైడో వాన్ రోసమ్, పీఈపీ 572 అనే వివాదాస్పద ప్రతిపాదనను ఆమోదించి, ఆ తగవుతో విసిగి 2018 జూలైలో తప్పుకోగా, ఎన్నికైన ఐదుగురి మండలి 2019లో ఆ అధికారాన్ని స్వీకరించింది.