బొమ్మ ట్యాంకు – చరిత్ర సాక్ష్యము

చీడికాడలో మా యింటి చావడియందు ఒక చిన్న ట్యాంకు నమూనా ఉన్నది. ఫిరంగి గొట్టముతో కలిపి దాని పొడవు సుమారు 26 సెంటీమీటర్లు. దానిని చెక్కుటకు మాకు పట్టినది రెండు మాసములు. అది నిజమునకు ఎంత దగ్గరగా నున్నదో తెలిసికొనుటకు మాత్రము రెండేండ్లు పట్టినది. మేమనగా ఆ వీథిలోని మిత్రులము నలుగురము. ఆ రెండేండ్లలో మేము నేర్చినదేమో శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

1971 నాటి యుద్ధమునకు స్మారకముగా విశాఖపట్నము సముద్రతీరమున 1996లో నిర్మించిన కట్టడమును మీలో చాలమంది చూచియే యుందురు. అచట నిలిపిన ట్యాంకును చూచి వచ్చిన మా పిల్లలు అటువంటిది ఒకటి చేసిపెట్టుమని పట్టుబట్టిరి. సరే యంటిమి. మేము ఎన్నుకొన్నది సోవియట్ దేశమున పుట్టిన టి-55. దాని బరువు సుమారు 36 టన్నులు. ఫిరంగి 100 మిల్లీమీటర్లది. లోపల కూర్చుండువారు నలుగురు. ఆ యుద్ధమున మన సైన్యము ఈ జాతి ట్యాంకులను పశ్చిమ సరిహద్దున నడిపినది.

కర్రకు మాకు కొదువ లేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన మా అనకాపల్లి జిల్లాలోనే ఏటికొప్పాక ఉన్నది. అచటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ బొమ్మలకు వాడు అంకుడు కర్ర మెత్తనిది. లేతుమీద తిరుగుచుండగా ఉలి ఆనించినచో నున్నగా, గుండ్రముగా దిగును. టి-55కు నేలను మోయు చక్రములు ప్రక్కకు ఐదు చొప్పున పది. పైనున్న బురుజు బోర్లించిన చట్టివలె గుండ్రనిది. అంకుడు కర్రకు ఇంతకన్న తగిన ట్యాంకు ఉండదనుకొంటిమి.

కొలతకు 35వ వంతు తీసికొంటిమి. అనగా నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పినచో నిజమైన ట్యాంకులో 35 మిల్లీమీటర్లు తప్పినట్లు. అయిదున్నర అడుగుల మనిషి ఈ లెక్కన అయిదు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా నుండును. లోకమంతట వాడుకలోనున్న ఈ 35 అను అంకె వెనుక శాస్త్రమేదో ఉన్నదని మేము భ్రమపడితిమి. అట్టిదేమియు లేదు. 1960ల ఆరంభమున జపానులోని తమియా సంస్థ జర్మనుల పాంథర్ ట్యాంకు నమూనాను మోటారుతో నడచునట్లు చేయ సంకల్పించి, లోపల బ్యాటరీలు పట్టునంత వెడల్పు పెట్టినది. పిమ్మట లెక్క చూడగా అది 35వ వంతుగా తేలినది. కొలత అట్లు కాకతాళీయముగా కుదిరినను, వస్తువు విషయమున మాత్రము ఆ సంస్థకు అధిపతియైన షున్సాకు తమియా కాకతాళీయమునకు చోటీయలేదు. ఆయన అమెరికాలోని అబర్డీన్ సైనిక ప్రదర్శనశాలకు స్వయముగా పోయి, అచటి ట్యాంకులను ఫోటోలు తీసికొని వచ్చెను.

మేమును ఫోటోలు సేకరించితిమి, పటములు చూచితిమి, కొలతలు సరిపోల్చితిమి. నమూనా పూర్తియైనది. ఇక మమ్ము తప్పుపట్టువారు లేరను ధీమాతో నుండగా, కోనాం జలాశయము వైపునుండి ఒక వృద్ధుడు మా యింటికి వచ్చెను. ఆయన మాజీ సైనికుడు. ఎనుబదేండ్లకు చేరువైనవాడు. 1971లో ట్యాంకులో కూర్చుండి ఫిరంగికి గుండ్లు అందించినవాడు. నమూనాను చేతికి తీసికొని, అటు నిటు త్రిప్పి చూచి, “బాగుంది బాబూ. మరి గొట్టం నడిమినుండే బుడిపేదీ?” అని అడిగెను.

గొట్టపు కొనయందలి ఉబ్బును మేము చూపితిమి. ఆయన తల అడ్డముగా ఆడించెను. “అది కాదు. నడిమిన ఇంకోటుండీది. అది లేకపోతే మనోళ్ళే మనల్ని పేల్చీసీవోరు.”

ఆ మాటలోని అర్థము విచారింపగా తెలిసినది. ఫిరంగి పేలిన వెనుక గొట్టములో మిగిలిన పొగ లోపలివారి మీదికి రాకుండ బయటికి లాగుటకై గొట్టముచుట్టు ఒక ఉబ్బెత్తు తొడుగు నమర్తురు. టి-55కు అది గొట్టపు కొనయందుండును. 1965 మొదలు ఆవడిలో తయారైన మన విజయంత ట్యాంకునకు అది గొట్టము నడుమ నుండును. ఇక పాకిస్తాను సైన్యమునకు చైనానుండి వచ్చిన టి-59 ఉన్నదే, అది సోవియట్ టి-54ను చూచి చైనావారు చేసికొన్న ప్రతిరూపము. టి-54, టి-55, టి-59 మూడును తోడబుట్టిన వంటివి. వేయి గజముల దూరమున, దుమ్ములో, అరక్షణములో వీనిని వేరుచేయుట ఎవరికి సాధ్యము? అందుచేత ఆ యుద్ధమున మన టి-55ల గొట్టము నడుమ ఒక ఉత్తుత్తి తొడుగును బిగించిరి. అది పొగను లాగదు. వీరు మనవారని దూరమునుండి మనవారికి తెలుపుటయే దాని పని.

ఇచట మా తప్పు ఒప్పుకొనవలెను. ఆ ఉబ్బును మేమొక ఫోటోలో అంతకు మునుపే చూచియుంటిమి. కర్మాగారపు పటములలో అది లేదు. దుకాణములలో అమ్ము ప్లాస్టిక్ నమూనాల భాగములలోను మాకు కనబడలేదు. కావున అది అచ్చులో పడిన మరకయని తీర్మానించి, గొట్టమును కొసనుండి మొదలువరకు నున్నగా చెక్కివేసితిమి. మాకు తప్పుగా తోచినది నలుగురి ప్రాణములకు కాపు. పటము చెప్పునది కర్మాగారము విడిచిననాటి ట్యాంకును గూర్చి. మేము చేయబూనినది 1971 డిసెంబరులో యుద్ధభూమియందు నిలిచిన ట్యాంకును. ఈ రెంటికి నడుమ సైనికుల చేతులు ఎన్నియో మార్పులు చేసియుండును. ఆ మార్పులే చరిత్ర.

అట్లని వృద్ధుని మాటనైన పరీక్షింపక గ్రహింపరాదు గదా. మరల ఆయన యింటికి పోయి, ఆయన కూర్చున్న చోటు మొదలుకొని ఒక్కొక్క వివరమునే అడిగితిమి. తాను దిగు మూతకు ముందు, బురుజుమీద, గిన్నె బోర్లించినట్లు ఒకటి యుండెడిదనియు, దానిమీద చేయి ఆనించి లోపలికి దిగెడివాడననియు ఆయన చెప్పెను. మేము ఉలిక్కిపడితిమి. గాలి మార్చుటకై బురుజుపై గిన్నెవంటి కప్పు టి-54కు ఉండును, టి-55కు ఉండదు. ఆయన తన ట్యాంకును టి-55 అనియే పిలుచుచుండెను. కాని ఆయన చేయి గుర్తుంచుకొన్నది టి-54ను. పేరును మరచుటయో, మార్చుటయో మనస్సునకు సులభము; ఏబది యేండ్లు గడచినను చేయి ఆనిన చోటును మరచుట అంత సులభము కాదు.

ఈ పోలికలు ఎంత ప్రమాదకరములో ఛంబ్ యుద్ధము తెలుపును. జమ్మూ ప్రాంతమున 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి మొదలైన ఆ పోరులో మనవైపు సోవియట్ జాతి ట్యాంకులు, ఎదుట చైనా టి-59లు తలపడినవి. మన సేన మునవ్వర్ తావి నదికి తూర్పునకు తగ్గవలసివచ్చినది. అచట పోరాడిన దళములలో దక్కన్ హార్స్ ఒకటి. ఆ పేరు తెలుగువారికి క్రొత్త కాదు. హైదరాబాదు నిజాముల కాలపు అశ్వదళములనుండి పుట్టిన దళమది. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ రణరంగమున, హై వుడ్ అను అడవి చెంత, ఆ దళము గుఱ్ఱములెక్కి బల్లెములతో జర్మనులపై దుమికినది. అదే సోమ్ రణరంగమున, రెండు మాసములు తిరిగిన వెనుక, సెప్టెంబరు 15న, ప్రపంచ చరిత్రలో మొదటిసారిగా ట్యాంకులు యుద్ధములోనికి దిగినవి. బల్లెము పట్టిన దళమే పిమ్మట ట్యాంకునెక్కినది. అట్టి దళము కథను చిన్న బొమ్మలో చూపదలచినవాడు ఏ ఏట, ఏ రంగమున, ఏ ట్యాంకు అని అడుగక తప్పదు.

ప్రదర్శనశాలలో నిజమైన ట్యాంకే యున్నది గదా, దానిని చూచి చేసిన చాలదా యని శ్రోతలు అడుగవచ్చును. చాలదు. అట్లు నిలిపిన ట్యాంకులకు తుప్పు పట్టకుండ రంగుమీద రంగు వేయుదురు. పోయిన భాగమునకు బదులు మరొకదాని భాగమును తగిలింతురు. మన కన్నులకు కనబడునది నేటి ట్యాంకు. నలుపు తెలుపు ఫోటోలో పచ్చయు, ఎరుపును, మట్టిరంగును ఒకే బూడిదరంగుగా కలిసిపోవచ్చును. ఫోటో తీసిన తేదీ కాల్పులు ఆగిన డిసెంబరు 17కు ముందా, వెనుకనా యన్నదియు ముఖ్యమే. పట్టుబడిన ట్యాంకుమీద పట్టుకొన్నవారు తమ గుర్తులు వ్రాయుట యుద్ధములలో మామూలు.

ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంకు ప్రదర్శనశాలయందు టైగర్ 131 అను జర్మను ట్యాంకు ఉన్నది. 1943 ఏప్రిల్ 21న ట్యునీషియాలో బ్రిటిషువారు దానిని పట్టుకొనిరని చాలకాలము అందరును నమ్మిరి. పిమ్మట ఒక సైనికుని కుమారుడు, తన తండ్రి చెప్పిన కథకును ఆ ట్యాంకునకును పోలిక చూచి, పాత ఫోటోలను, దళముల దినచర్యలను పట్టి శోధించెను. అది పట్టుబడినది ఏప్రిల్ 24న, వేరొక కొండ దగ్గర అని తేలినది. ప్రపంచ ప్రఖ్యాతమైన ట్యాంకు విషయముననే అట్లైనప్పుడు, మన దేశపు ట్యాంకుల మాట చెప్పనేల? తండ్రి మాట విని శోధనకు పూనుకొన్న కుమారుడు అచట ఒకడుండెను. మన గ్రామములలో వినువారు లేక ఎన్ని సాక్ష్యములు వృద్ధులతో కూడ వెడలిపోవుచున్నవో ఆలోచింపుడు.

మేము నమూనాను విప్పితిమి. గొట్టమును మరల లేతుకు పెట్టించి, నడుమ ఉబ్బు నిలిపితిమి. బురుజుపై గిన్నెవంటి కప్పు అమర్చితిమి. టి-55 అని వ్రాసిన చీటీ తీసి టి-54 అని వ్రాసితిమి. ఇక ట్యాంకు సంఖ్య మిగిలినది. వృద్ధుని అడిగితిమి. ఆయన చాలసేపు కన్నులు మూసికొని, జ్ఞాపకము లేదనెను. తనతో కూర్చున్న ముగ్గురి పేర్లు మాత్రము తడువుకొనక చెప్పెను. ఏదో ఒక అంకె వేయుడని పిల్లలు తొందరపెట్టిరి. అంకె లేని ట్యాంకు వెలితిగా కనబడునని వారి బాధ. మేము ఆ చోటును ఖాళీగానే ఉంచితిమి. ఆ మూడు పేర్లను ఒక కాగితముమీద వ్రాసి, నమూనాను నిలిపిన పీటక్రింద అతికించితిమి.