తెలుగు దస్తావేజులు – మద్రాసు వకీళ్లు

1862లో పాత సుప్రీంకోర్టు, సదరు అదాలతు కలిసి మద్రాసు హైకోర్టుగా రూపొందాయి. 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసేవరకు సర్కారు జిల్లాల రైతుకైనా, రాయలసీమ షావుకారుకైనా ఆస్తి తగాదాలో పెద్దకోర్టు అంటే మద్రాసే. జిల్లా మునసబు కోర్టులో పుట్టిన దావా అప్పీళ్ల మీదుగా ఇక్కడికి చేరేది. 10,000 రూపాయలు, ఆపైన విలువ గల వ్యాజ్యాలలో కొన్ని 1949 వరకు లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లేవి.

వకీలుకు కీర్తి తెచ్చేది వాగ్ధాటి అని లోకుల నమ్మకం. సివిలు పక్షాన అది సగమే నిజం. క్రింది కోర్టు తేల్చిన వాస్తవాలను రెండవ అప్పీలులో తిరగదోడడానికి వీలులేదు. చట్టపు పొరపాటును చూపగలగాలి. హక్కుపత్రంలోని మాటకు అర్థమేమిటన్నది అటువంటి చట్టపు ప్రశ్నే. కాబట్టి వకీలు రాత్రులు గడిచేది కాగితాలతోనే: దాయాదుల వంశవృక్షం, దత్తత పత్రం, తనఖా, కరణం లెక్క. హైకోర్టు భాష ఇంగ్లీషు గనుక తెలుగు దస్తావేజు అనువాదమై న్యాయమూర్తుల ముందుకు వచ్చేది. “పుత్రపౌత్ర పారంపర్యముగా, దానవినిమయ విక్రయాదులకు యోగ్యముగా” అని కరణం అలవాటుగా వ్రాసిన వాక్యం సంపూర్ణ హక్కుకు గుర్తు. ఆ మాటలు లేకుండా కూతురికి పసుపు కుంకుమల క్రింద పొలమిస్తే ఆమెకు దక్కినది శాశ్వత హక్కా, బ్రతికినంత కాలం అనుభవమేనా? అనువాదకుడు ఒక్క పదం జారవిడిచినా ఒక కుటుంబం జీవనాధారం తారుమారు కావచ్చు. మూలాన్ని తానే చదువుకోగల వకీలుకు ఆ భయం తక్కువ.

ఈ రంగంలో అగ్రగణ్యులైన తెలుగువారు అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు. 1883లో నెల్లూరు మండలంలోని పుదూరులో ఒక పురోహితుని ఇంట జన్మించారు. 1907లో వకీలు వృత్తిలో ప్రవేశించి, 1929 నుండి 1944 వరకు అడ్వొకేటు జనరలుగా పనిచేశారు. వృత్తిలో అండనిచ్చే బంధుబలగం లేనివాడు ఆ స్థానానికి చేరడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో వారు సభ్యులు కావడం అందరూ ఎరిగినదే.

రాజమండ్రివారైన కోకా సుబ్బారావుగారి త్రోవ వేరు. మామగారు పి. వేంకటరమణారావుగారి ఆఫీసులో పని నేర్చి, ఆయన న్యాయమూర్తి అయిన తరువాత బావమరిది పి. వి. రాజమన్నారుగారితో కలిసి ప్రాక్టీసు సాగించారు. 1948లో రాజమన్నారుగారు మద్రాసు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే ఏడు సుబ్బారావుగారూ అక్కడే న్యాయమూర్తిగా నియమితులయ్యారు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన పిమ్మట తెలుగు జిల్లాల వ్యాజ్యాలు మద్రాసును వదలి గుంటూరుకు తరలాయి. వాటితోపాటు ఎందరో వకీళ్లు ఇల్లు, ఆఫీసు, ఏళ్ల పరిచయాలు వదలి వెళ్లాలా, ఉండాలా అని తర్జనభర్జన పడవలసి వచ్చింది. ఒకే ఆఫీసులో పనిచేసిన ఆ బావాబావమరుదులు కూడా విడిపోయారు. సుబ్బారావుగారు గుంటూరులో తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నారు. తెలుగు నాటకకర్తగానూ పేరుపొందిన రాజమన్నారుగారు 1961 వరకు మద్రాసు హైకోర్టు పీఠంపైనే ఉన్నారు.