పక్కకు వంచితే మాయమైన బొమ్మ

అధ్యక్షుడు ఆటపెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. తెర వైపు చూశాడు. బొమ్మ ఆనలేదు.

జపాన్‌లోని క్యోటో నగరం, నింటెండో కంపెనీ. 1989 ఏప్రిల్‌లో ‘గేమ్ బాయ్’ బజారులోకి రావడానికి ముందు జరిగిన ఘట్టమిది. అధ్యక్షుడి పేరు హిరోషి యమౌచి. 1949 నుంచి కంపెనీ ఆయన చేతుల మీదుగానే నడుస్తోంది. ఆయన కాదంటే ఇక అది కాదు. ఎదురుగా ఉన్న ఇంజనీరు గున్‌పేయి యోకోయి. ఏమీ కనబడని ఈ పెట్టెను ఎవరు కొంటారని యమౌచి తేల్చేశాడు. తెరలు ఇవ్వాల్సిన షార్ప్ కంపెనీ అప్పటికే తయారీకి సిద్ధమై కూర్చుంది. పథకం మొత్తం అటకెక్కేలా ఉంది.

యోకోయి పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. పెట్టెలో తీగ తెగలేదు, చిప్పు కాలిపోలేదు, బ్యాటరీ అయిపోలేదు. ఒక కోణంలో పట్టుకుంటే బొమ్మ ఉంది. కాస్త పక్కకు వంచితే లేదు. చెడిపోయిన వస్తువును బాగుచేయడం తెలిసిన మనిషికి, ఏదీ చెడిపోకుండానే పనికిరాకుండా పోయిన వస్తువు దొరికింది.

బాగుచేయడమే యోకోయి మొదటి ఉద్యోగం. 1941లో క్యోటోలోనే పుట్టాడు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరాడు. అప్పట్లో అది పేకముక్కలు అచ్చువేసే కంపెనీ. ఆ యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడం ఆయన పని. తీరిక వేళల్లో సరదాకు చేసుకున్న ఒక సాగే చెయ్యి బొమ్మ యమౌచి కంటపడింది. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో అమ్మితే పది లక్షలకు పైగా పోయాయి. యంత్రాల మరమ్మతుల మనిషి ఆట వస్తువుల రూపకర్త అయ్యాడు.

తర్వాత షింకన్‌సెన్ బుల్లెట్ రైలు. తోటి ప్రయాణికుడు ఒకాయన, ఉద్యోగస్తుడు, ఏమీ తోచక జేబు కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. పెద్దవాళ్లు కూడా సిగ్గుపడకుండా చేతుల చాటున ఆడుకునే చిన్న ఆట ఉంటే బాగుంటుంది కదా అని యోకోయికి అనిపించింది. ఒకరోజు యమౌచి డ్రైవరుకు ఒంట్లో బాగాలేదు. కారేమో ఎడమ చేతి స్టీరింగు ఉన్న కాడిలాక్. అలాంటి బండి నడపడం అలవాటున్న యోకోయి అధ్యక్షుణ్ని ఒసాకాకు తీసుకెళ్తూ ఈ ఆలోచన చెప్పాడు. యమౌచి విన్నట్టే కనబడలేదు. ఆ రోజు సమావేశంలో ఆయన పక్క కుర్చీ షార్ప్ అధ్యక్షుడిది. యమౌచి ఆ సంగతి అతని చెవిన వేశాడు. కాలిక్యులేటర్ తెరల్లో షార్ప్‌ను మించినవాళ్లు తక్కువ. వారం తిరిగేలోపు షార్ప్ మనుషులు నింటెండో గుమ్మంలో ఉన్నారు. అలా 1980 ఏప్రిల్ 28న ‘గేమ్ అండ్ వాచ్’ వచ్చింది.

దానికీ తెరతోనే గొడవ వచ్చింది. తెరకూ పై పలకకూ మధ్య అతి సన్నని గాలి పొర చిక్కుకుంటే కాంతి రెండు చోట్ల నుంచి తిరిగొచ్చి తనతో తానే కలబడుతుంది. చుట్టలు చుట్టలుగా రంగు వలయాలు తేలతాయి. వీటినే న్యూటన్ వలయాలంటారు. బొమ్మ మీద ఆ వలయాలు పడితే ఆట ఏం సాగుతుంది? షార్ప్ ఇంజనీర్లు ఆ రెంటి మధ్య కంటికి ఆనని బుడిపెలు వేశారు. రెండు తలాలూ అతుక్కోకుండా నిలిచాయి, వలయాలు పోయాయి. ఆ వరసలో వచ్చిన ఆటపెట్టెలు ప్రపంచమంతటా 4.34 కోట్లు అమ్ముడుపోయాయి.

మరి అంత అనుభవం ఉన్నవాళ్లకు గేమ్ బాయ్ దగ్గర కాలెందుకు జారింది?

గేమ్ అండ్ వాచ్‌లో బొమ్మలు ముందే అచ్చుపోసి ఉంటాయి. మనిషి ఇక్కడ, బంతి అక్కడ. ఏ బొమ్మ కనబడాలో చెబితే చాలు. ఒక పెట్టెలో ఒక ఆటే. యోకోయి బృందంలోని సతోరు ఒకాడాకు ఇది చాలలేదు. క్యాసెట్టు మార్చితే ఆట మారాలి, ఏళ్ల తరబడి నిలవాలి అని పట్టుబట్టాడు. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. చివరికి యోకోయి తగ్గాడు. అంటే ఇక తెర మీద ముందే గీసిన బొమ్మలు ఉండవు. అడ్డం 160, నిలువు 144 చుక్కలు. ఏ బొమ్మైనా ఆ చుక్కల్లోంచే పుట్టాలి.

ఒక్కో చుక్కకు ఒక్కో తీగ వేయడం అయ్యే పని కాదు. అందుకే వరుసల వారీగా కరెంటు పంచుతారు. ఇది డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు ఒకటే. కాలువ మీద చేలు పెరిగే కొద్దీ వంతు కుదించుకుపోతుంది, శివారు భూమికి తడి కూడా అందదు. తెరలోనూ అంతే. 144 వరుసలుంటే ఒక్కో వరుసకు దక్కేది 144వ వంతు సమయం. లెక్క వేస్తే, నల్లగా కనబడాల్సిన చుక్కకూ తెల్లగా ఉండాల్సిన చుక్కకూ మధ్య వోల్టేజి తేడా 9 శాతం దగ్గర ఆగిపోతుంది. అంత చిన్న తేడాకు పాత రకం ద్రవ స్ఫటికం సరిగా స్పందించలేదు. అందులో అణువుల వరుస ఒక అద్దం నుంచి రెండో అద్దానికి 90 డిగ్రీలు మెలి తిరిగి ఉంటుంది. నలుపు నల్లబడదు, తెలుపు తెల్లబడదు. ఉన్న కాస్త తేడా కూడా ఒక వైపు నుంచే కనబడుతుంది.

యమౌచి చేతిలో జరిగింది ఇదే. పెట్టెను ఎలా పట్టుకుంటే బొమ్మ కనబడుతుందో తయారుచేసినవాళ్లకు తెలుసు. వాళ్ల మణికట్లు వాళ్లకు తెలియకుండానే ఆ కోణానికి తిరిగిపోతాయి. కొన్నవాడికి ఆ అలవాటు ఎక్కడ నుంచి వస్తుంది? యమౌచికి ఇంజనీరింగు రాదు, వీడియో ఆటలూ ఆడడు. ఆ గదిలో ఆ పెట్టెను కొనుక్కునే మనిషిలా చూసింది మాత్రం ఆయనొక్కడే. ఈ కథలో ఆయన్ని అడ్డుపడిన యజమానిగా చూపించడం తేలిక. నాకైతే ఆ పూట అసలు లోపాన్ని పట్టుకున్నది ఆయనేననిపిస్తుంది.

విరుగుడు కూడా మెలిలోనే దొరికింది. 1980ల మొదట్లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అణువుల వరుసను 90 డిగ్రీల దగ్గర ఆపకుండా ఇంకా బాగా తిప్పితే ఏమవుతుందో చూశారు. 180 డిగ్రీలు దాటి మెలి పెడితే, కొద్దిపాటి వోల్టేజి తేడాకే స్ఫటికం ఒక్కసారిగా అటు నుంచి ఇటు మారిపోతుంది. ఆ 9 శాతమే చాలు. పక్క నుంచి చూసినా బొమ్మ నిలుస్తుంది. దీన్నే సూపర్ ట్విస్టెడ్ నెమాటిక్ అంటారు. షార్ప్ ఆ రకం తెరకు మారింది. ఆ మెలికి మూల్యం రెండు రకాలుగా కట్టాల్సి వచ్చింది. తెరకు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు వచ్చింది. స్ఫటికం కాస్త మందకొడి కావడంతో వేగంగా కదిలే బొమ్మ వెనక నీడ సాగింది. గేమ్ బాయ్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ పాచిరంగు ఎవరో ముచ్చటపడి ఎంచుకున్న అలంకారం కాదు.

పెట్టె ఎడమ పక్కన ఒక చిన్న చక్రం పెట్టారు. తిప్పితే నలుపు పెరుగుతుంది, తగ్గుతుంది. ఎవరి కళ్లకు, ఎవరి వెలుతురుకు తగ్గట్టు వాళ్లు సరిచేసుకోవచ్చు. నాకు ఈ మొత్తం పెట్టెలో బాగా నచ్చేది ఆ చక్రమే. క్యోటోలో కూర్చుని ఊహించలేని చేతుల్లోకి ఈ వస్తువు వెళ్తుందని ఒప్పుకున్న మనుషులు పెట్టిన చక్రం అది.

1989 ఏప్రిల్ 21న 12,500 యెన్‌లకు గేమ్ బాయ్ జపాన్ బజారులోకి వచ్చింది. అదే ఏడాది అటారీ, మరుసటి ఏడాది సెగా రంగుల తెరలతో, వెనక దీపంతో పోటీకి దిగాయి. వాటికి ఆరేసి పెన్సిల్ సెల్స్ కావాలి, అవీ నాలుగైదు గంటల్లో నీరసించేవి. గేమ్ బాయ్‌కు నాలుగు చాలు, పది గంటలు దాటి ఆడొచ్చు. దాని తర్వాత వచ్చిన కలర్ రకంతో కలిపి 11.87 కోట్లు అమ్ముడయ్యాయి.

మన వైపు అసలు గేమ్ బాయ్ చూసినవాళ్లు తక్కువ. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ల పెట్టెల్లో ఎప్పుడైనా కనబడితే కనబడినట్టు. గోదావరి జిల్లాల పిల్లల చేతికి ఎక్కువగా వచ్చింది దాని పేద చుట్టం, బ్రిక్ గేమ్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసిన టెట్రిస్‌ను గేమ్ బాయ్ ప్రపంచమంతా తిప్పితే, పది గళ్ల వెడల్పు ఇరవై గళ్ల ఎత్తు తెర మీద దాన్నే నకలు చేసిన చవక పెట్టె ఇది. 1990లలో రాజమండ్రి ఫ్యాన్సీ షాపుల్లో, తిరనాళ్ల దుకాణాల్లో వేలాడేది.

ఆ తెరకూ వెనక దీపం లేదు. కొవ్వూరు దాటి రైలు బ్రిడ్జి ఎక్కిందంటే కిటికీలోంచి మిట్టమధ్యాహ్నం ఎండ ఒళ్లో పడుతుంది. నేటి ఫోను తెరలు చాలా వరకు ఆ ఎండలో వెలవెలబోతాయి. బయటి వెలుతురునే వెనక్కి కొట్టే ఆ పాత తెర మీద మాత్రం ఇటుకలు మరింత నల్లగా తేలతాయి. రాత్రి కరెంటు పోతే సీను తిరగబడుతుంది. లాంతరు పక్కకు జరగాలి, పెట్టెను వెలుగు వైపు వంచాలి. లోపం ఉందా లేదా అన్నది పెట్టె మీద కాక కూర్చున్న చోటు మీద ఆధారపడటం మన పిల్లలకు చేతివేళ్ల మీద తెలిసిన సంగతి.

నిజంగా చెడిపోవడాలూ ఉండేవి. కోనసీమ తేమ గాలికి సెల్స్ పెట్టే స్ప్రింగులకు చిలుము పట్టేది. సెల్ కారితే మరీ ఘోరం. మామూలు జింకు సెల్ కారితే అది ఆమ్లం, వంట సోడా కలిపిన నీటితో తుడవాలి. ఆల్కలైన్ సెల్ కారితే అది క్షారం, నిమ్మరసం గాని వెనిగర్ గాని రాయాలి. రెండూ ఒకటే అనుకుని ఒకే మందు వేస్తే కారిన మడ్డి అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత స్ప్రింగు మెరిసేలా గీకి, తడి పూర్తిగా ఆరాకే కొత్త సెల్స్ వేయాలి. తెర మీద కొన్ని గీతలు రాకపోతే తెర పోయిందని పారేసినవాళ్లు ఎందరో. చాలాసార్లు తెర బాగానే ఉంటుంది. తెరకూ బోర్డుకూ మధ్య కరెంటు మోసే రబ్బరు పట్టీ మురికి పట్టి ఉంటుంది, లేదా మరలు వదులై ఉంటాయి. విప్పి, స్పిరిట్‌తో తుడిచి, మరలు సమంగా బిగిస్తే గీతలు తిరిగొస్తాయి. అసలు గేమ్ బాయ్‌లో నిలువు గీతలు పోతే తెర అడుగున ఉన్న పట్టీ అతుకు మీద సోల్డరింగ్ ఐరన్‌ను తేలిగ్గా, ఎక్కడా ఆగకుండా నడిపితే చాలాసార్లు సరిపోతుంది. రేడియో మెకానిక్కు చేతిలో ఇది పది నిమిషాల పని. కొత్త పెట్టెలకు కూడా ఈ వరుసే మంచిది: ముందు వెలుతురు, వేడి, పట్టుకున్న తీరు చూడాలి, తర్వాత సెల్స్, అతుకులు. తెర మీద నింద అన్నిటికన్నా చివర.

యోకోయి విషయానికి వస్తే, 1995లో ఆయన ‘వర్చువల్ బాయ్’ చేశాడు. కళ్లు ఆనించి లోపలికి చూడాలి, లోపల ఎర్రటి బొమ్మలు లోతుగా కనబడతాయి. రెండు కాళ్ల స్టాండు మీద నిలబెట్టిన పెట్టె ముందు మెడ వంచి కూర్చోవాలి. జనం కూర్చోలేదు. ఏడాది లోపే దాన్ని ఆపేశారు. 1996 ఆగస్టులో ఆయన నింటెండో వదిలి సొంతంగా ‘కోటో’ అనే సంస్థ పెట్టాడు. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలో రహదారి ప్రమాదంలో చనిపోయాడు. వయసు 56.

అప్పటికి బందాయ్ కంపెనీ కోసం ఇంకో చేతి ఆటపెట్టె పని నడుస్తోంది. ‘వండర్‌స్వాన్’ పేరుతో 1999 మార్చిలో వచ్చింది. నలుపు తెలుపు తెర, వెనక దీపం లేదు, ఒకే ఒక్క పెన్సిల్ సెల్. మీటలు ఎలా అమర్చారంటే, ఆడేవాళ్లు దాన్ని అడ్డంగానూ పట్టుకోవచ్చు, నిలువుగానూ పట్టుకోవచ్చు.