వ్యాపారము, వృత్తి, పని: ఒక శబ్దచరిత్ర

భూగోళశాస్త్రమును తెలుగున బోధించు పాఠ్యగ్రంథములలో ‘వ్యాపార పవనములు’ అను మాట చిరకాలముగా వాడుకలో నున్నది. ఉష్ణమండలమున భూమధ్యరేఖ వైపునకు నియతముగా వీచు గాలులకు అది పేరు. ఈ పేరు విన్న విద్యార్థి, ఓడలపై సరకులు పంపుకొను వర్తకులకు తోడ్పడుటచేతనే వీనికి ఆ పేరు కలిగినదని తలచుట సహజము. కాని ఆంగ్లమున ఈ గాలులకు పేరిడిన నావికుల మనస్సున వర్తకము లేదు. ‘ట్రేడు’ అనగా మొదట అడుగుజాడ, నడచిన త్రోవ. ఒకే త్రోవను విడువక వీచు గాలి గనుక అది ట్రేడుగాలి యైనది. త్రోవ యను నర్థమునుండి నిత్యపు నడవడి, అందుండి మనుష్యుడు బ్రదుకుటకై అనుదినము చేయు పని, అందుండి నేర్చిన చేతిపని, తుదకు క్రయవిక్రయములు - ఇట్లు ఆ శబ్దము దిగివచ్చినది. మన అనువాదకులు చివరి యర్థమును గైకొని మొదటి యర్థము గల చోట నుంచిరి.

ఆ పేరును దిద్దుట మా యుద్దేశము కాదు. పాతుకొనిన పేరును పెకలించుటవలన లాభమును లేదు. మమ్ము ఆలోచింపజేసినది వేఱొకటి. ఆంగ్లమున ఇనుము సాగగొట్టువాడును, ఇనుము నమ్ముకొనువాడును ఒకే మాటలో నిముడుచుండగా, తెలుగున వారికి వేర్వేరు మాటలేల కలిగినవి? ఈ విభాగము ఆదినుండియు నున్నదా, నడుమ వచ్చినదా? నడుమ వచ్చినదేని అందువలన ఎవరు నష్టపడిరి? ఈ ప్రశ్నలకు నిఘంటువు కొంతవఱకు, శాసనములు మఱికొంతవఱకు సమాధానము నిచ్చుచున్నవి.

నేడు క్రయవిక్రయములకు మనము వ్యాపారము, వర్తకము, బేరము అను మాటలను వాడుచున్నాము. పాత గ్రంథములలో బేహారము కలదు. అది సంస్కృత వ్యవహార శబ్దమునకు తద్భవము. వర్తకునకు బేహారి యను పేరు నట్లే కలిగినది. వ్యవహారమనగా మనుష్యులు పరస్పరము జరుపుకొను ఏ కార్యమైనను కావచ్చును. న్యాయస్థానమున నడచు తగవునకు ధర్మశాస్త్రకారులు పెట్టిన పేరును ఇదియే. వ్యాపారము మఱింత విశాలమైన మాట. వైయాకరణులు ధాతువునకు ఫలము, వ్యాపారము అని రెండర్థములు చెప్పుదురు గదా! అచ్చట వండుటయు వ్యాపారమే, నడచుటయు వ్యాపారమే. ఇంద్రియవ్యాపారము, మనోవ్యాపారము అను ప్రయోగములు మన విద్యార్థులకు పరిచితములు. చేయబడు సమస్తమునకును పేరైన యీ మాట లోకవ్యవహారమున అంగడి గడప దాటనిదైనది. ప్రాచీన గ్రంథమున ‘వ్యాపారము’ కనబడినంతనే అచ్చట సరకును, తక్కెడను ఊహించుకొను పరిశోధకుడు మోసపోవును.

వర్తకము, వృత్తి యను రెండు మాటల చుట్టఱికము ఇంకను విచిత్రము. రెండును వృత్ ధాతువునుండియే పుట్టినవి. ఉండుట, మెలగుట, జీవించుట యని దాని యర్థము. ఆ ధాతువునుండియే పుట్టిన వార్తా శబ్దమునకు అర్థశాస్త్రమున కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూడును కలిసియున్నవి. దున్నువాడు, కాచువాడు, అమ్మువాడు ఒకే విద్యలోనివారు. నేడు వార్త పత్రికలపాలైనది. వర్తకము అంగడికి జేరినది. వృత్తి వడ్రంగి, కుమ్మరి, వైద్యుడు, న్యాయవాది మొదలగువారికి మిగిలినది. ఒక తల్లి బిడ్డలు మూడిండ్ల నున్నారు.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ‘పని’ యను దేశ్యశబ్దమును, విక్రయవస్తువను నర్థము గల సంస్కృత ‘పణ్య’ శబ్దమును ధ్వనిసామ్యమును బట్టి ముడిపెట్టుటకు ఉత్సాహపడువారు లేకపోలేదు. తమిళమున ‘పణి’ యనగా పనియే గనుక ఆ యుత్సాహము మఱింత హెచ్చును. చెవికి నచ్చినంత మాత్రమున బంధుత్వము సిద్ధింపదు. పని మన మాట. పనివాడు, పనిముట్టు, పనితనము దాని సంతానము. నైపుణ్యమును దెలుపుటకు తెలుగువాడు ఏ సంస్కృతపదమును తడవకుండ ‘పనితనము’ అనుట గమనింపదగినది. అమ్మకమునకు సంబంధించిన యే మాటకును ఇట్టి గౌరవార్థము రాలేదు. బేరమునుండి ‘బేరసారములు’ వచ్చినవి గాని ‘బేరతనము’ రాలేదు.

ఇక శాసనములకు వత్తము. అగ్రహారదానములలో వృత్తి యనగా పని కాదు, భూమి. గ్రామమును ఇన్ని వృత్తులుగా విభజించి యింతమంది బ్రాహ్మణుల కిచ్చిరని చదువుచుందుము. దేవాలయమున వాద్యములు వాయించువారికి, తదితర సేవకులకు గూడ వృత్తులు కలవు. పనికి ప్రతిఫలముగా నిచ్చిన జీవనాధారము మొదట వృత్తి. తరువాత ఆ జీవనాధారము పేరే పనికి వచ్చినది. అనగా మనము నేడు కులవృత్తి, చేతివృత్తి అనునపుడు తెలియకయే కూలి పేరుతో పనిని పిలుచుచున్నాము.

పల్లెలో ఈ యర్థము చాలకాలము నిలిచినది. పన్నిద్దరు ఆయగాండ్రలో చేరిన కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారు తమ పనిని అమ్మలేదు. కఱ్ఱు కాల్చి సాగదీసినందుకు కమ్మరి అప్పటికప్పుడు వెల యడుగడు; కళ్లమున ధాన్యము కొలుచునపుడు తన ‘మేర’ తాను గైకొనును. కొన్నియెడల మాన్యపు భూమియు నుండెను. ఇది దయతో నిచ్చినది కాదు, హక్కు. అట్లని దీనిని స్వర్ణయుగముగా వర్ణించుటకు మేము సిద్ధముగా లేము: ఊరు విడిచిపోవుటకు వీలు చిక్కని హక్కది, పంట పోయిన యేడు మేరయు పోవును. అయినను వ్యాపారము లేని వృత్తి యన నెట్టిదో తెలియుటకు దీనికి మించిన నిదర్శనము లేదు.

అందఱు పనివారును ఇట్లు లేరు. సాలెవారు, తెలికలు ఊరి మేరపై గాక అమ్మకముపైననే ప్రధానముగా ఆధారపడిరి. వీరు చేయువారును, అమ్మువారును. తెలికి వేవురను సంఘము వేంగీదేశపు శాసనములలో ప్రసిద్ధము. క్రీ.శ. 1086-87 నాటి టేకి తామ్రశాసనమున రాజరాజ చోడగంగు ఈ తెలికి కుటుంబములవారికి పెండ్లిలో వధూవరులు గుఱ్ఱముపై ఊరేగు గౌరవమును ప్రసాదించెను. గానుగ త్రిప్పి నూనె తీయువారి సంతతికి రాజు స్వయముగా నిచ్చిన మర్యాద యిది. వారిని ‘వృత్తివారు’ అనవలయునా, ‘వర్తకులు’ అనవలయునా? ఆ కాలమువారికి ఈ ప్రశ్నయే తోచియుండదు.

వర్తకసంఘముల పేళ్లును ఆలోచింపదగినవే. వీరబలంజ సమయము, నకరము, ఉభయ నానాదేశి పెక్కండ్రు అను పేళ్లు కాకతీయుల కాలమునకు బాగుగా వ్యాపించినవి. సమయమనగా కాలము కాదు, కట్టుబాటు, ఆ కట్టుబాటుచే నేర్పడిన సంఘము. పెక్కండ్రు అనగా పెక్కుమంది. ఇంత సాదా మాట ఒక బలవంతమైన సంస్థకు పేరగుట ముచ్చటైన విషయము. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సముద్రవర్తకుల చరిత్రకు తలమానికము. గాలివానకు దరిజేరిన ఓడల సరకును మునుపటి రాజులు బలాత్కారముగా గైకొనుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప వేఱేమియు గొననని ఆతడు ప్రకటించెను. సుంకము ముప్పదింట నొక వంతు. 1358లో అనపోతారెడ్డియు అదే రేవున వర్తకులకు ఇట్టి అభయమునే యిచ్చెను. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయసెట్టి ఈ రెడ్డిరాజుల కాలపు సముద్రవర్తకుడే. ఆ కృత్యవతారికలో నానాద్వీపముల సరకులు వర్ణితములు. సరకు పుట్టిన దేశము పేరు గలదు, తెప్పించిన సెట్టి పేరు గలదు. చేసిన చేయి యెవరిదో లేదు. కావ్యమునకు అది యవసరమును కాదు, కవిని తప్పుపట్టుట లేదు. కాని చరిత్రకారుడు కావ్యమునే నమ్ముకొన్నచో ఆ చేయి అతనికిని కనబడదు.

పనివారి గౌరవమునకు మఱియొక సాక్ష్యము వారి పేళ్లలోనే కలదు. రామోజు, నాగోజు, బ్రహ్మోజు అను పేళ్ల చివరనున్న ‘ఓజు’ ఉపాధ్యాయ శబ్దమునుండి వచ్చినది. బడిపంతులును దెలుపు ‘ఒజ్జ’యు దానినుండియే కలిగినది. కొలిమికడ, మోడెముకడ పని నేర్పువాడును, ఓనమాలు దిద్దించువాడును ఒకే బిరుదునకు అర్హులుగా నుండిరి. విజయనగర కాలమున 16వ శతాబ్ది నడుమ రామరాయలను మెప్పించి మంగలివారి పన్నును తీసివేయించిన మంగలి కొండోజు పేరునను ఈ ‘ఓజు’ కలదు. ఆ పన్ను మినహాయింపును దెలుపు శాసనములు కన్నడదేశముననే గాక రాయలసీమలోను లభించినవి.

విభాగము స్పష్టమైనది తీరమున, వస్త్రముల విషయమున. మచిలీపట్టణమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును దిగినపుడు వారు వెదకినది మన నేత, మన అద్దకము. కృష్ణాతీరపు చిరివేరు ఇచ్చు ఎఱుపు మఱియెచ్చటను దొరకదని వారికి తెలియును. వారు నేతగాండ్రతో నేరుగా మాటలాడలేదు. నడుమ దుబాషీలు, దలారులు, వర్తకులు నుండిరి. వర్తకుడు నేతగానికి ముందుగా సొమ్ము, బయానా, ఇచ్చును. నేతగాడు ఆ సొమ్ముతో నూలు కొని, నేసి, ఒప్పుకొన్న వెలకు గుడ్డ నిచ్చును. ఇందు మొదట అన్యాయమేమియు లేదు. వేఱొకడు ఎక్కువ వెల యిచ్చినచో బయానా తిరిగి యిచ్చివేసి అతని కమ్మగల స్వాతంత్ర్యము నేతగానికి కలదు. కొనువారు పెక్కురు, నేయువారు కొందఱు. మగ్గము అతనిది, గుడ్డయు అతనిదే.

1765-66లో ఉత్తర సర్కారులు కంపెనీవశమైన పిమ్మట కొనువాడే పరిపాలకుడైనాడు. కంపెనీ బయానా పుచ్చుకొన్నవాడు దాని లెక్క తీఱువఱకు ఇతరులకు నేయరాదు. లెక్క తీఱుట యెన్నడును లేదు. గుడ్డ నాసియని త్రిప్పిపంపినచో ఋణము పెరుగును. కావలివాడు మగ్గము కడ కూర్చుండును. 18వ శతాబ్ది చివర గోదావరి మండలమున నేతవారు గుంపులుగా కూడి కంపెనీ వాణిజ్యాధికారులపై తిరుగబడుటకు హేతువిదియే. వారు కోరినది ఎక్కువ కూలి మాత్రమే కాదు. తమ గుడ్డను తమ కిష్టమైనవాని కమ్ముకొను హక్కు. అనగా వారు తమను వ్యాపారులుగానే భావించుకొనిరి. ఈ యంశము మా వాదమునకు ప్రాణము. వృత్తికిని వ్యాపారమునకును నడుమ గోడ నిఘంటువులో కట్టబడలేదు, బయానా పుస్తకములో కట్టబడినది.

నరసాపురము చేరువనున్న మాధవాయపాలెము ఆంగ్లేయుల నోట ‘మాడపోలము’ అయి, ఒక రకపు తెల్లని నూలుగుడ్డకు పేరైనది. తరువాత ఆ పేరుగల గుడ్డను ఇంగ్లండు మిల్లులే నేసి మనకు పంపినవి. 1813లో కంపెనీ గుత్త రద్దయినది, 1833లో దాని వర్తకమే యంతరించినది. గుత్తదారు పోయినను నేతగాడు మరల బేహారి కాలేదు. ఆతని స్థానమున షావుకారు నిలిచెను. నూలిచ్చి, కూలి యిచ్చి, గుడ్డ తీసికొనిపోవుట వాడుకయైనది. ‘కూలికి నేయుట’ యను మాట మన నేతయూళ్లలో నేటికిని వినవచ్చును.

తెలంగాణపు కొలుములలో కథ వేఱు. కోనసముద్రమున ఉక్కు తీయు కమ్మరుల కడకు 19వ శతాబ్ది ఆరంభము వఱకు పారసీక వర్తకులు స్వయముగా వచ్చి, అచ్చటనే యుండి సరకు కొనుచుండిరి. అచ్చట రాజ్యాధికారము చేతబట్టి కొనువాడు లేడు. ఆ పరిశ్రమయు నశించినది గాని బయానాకు కట్టుబడి కాదు, చౌకయైన దిగుమతి ఉక్కు వలన.

పన్నుల దఫ్తరములు ఈ భేదములను లక్ష్యపెట్టలేదు. మద్రాసు రాజధానిలో కంపెనీ వసూలు చేసిన మొహతర్ఫా యను పన్ను అంగడి గల కోమటిపైనను, మగ్గము గల సాలెపైనను, పనిముట్లు గల కంసాలిపైనను పడెను. ఆ పేరు అరబ్బీభాషలో చేతిపనివానిని దెలుపు మాటనుండి వచ్చినది. బజారు, దుకాణము వలె అదియు మన భాషలో కలిసినది గాని, 1860 ప్రాంతమున పన్ను రద్దగుటతో మాటయు మఱుగుపడినది. వర్తకుని, పనివానిని ఒకే పేరున కూర్చిన మాట మన యూళ్ల రికార్డులలో ఇదియొక్కటియే మాకు కనబడినది. అది కూర్చినది పన్ను కొఱకు.

1950లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన చేతిపనివారి శిక్షణ పథకము పిమ్మట ఐ.టి.ఐ.లు వెలసినవి. అందు చేరిన పిల్లవానిని ‘ఏ ట్రేడు?’ అని యడిగినచో ‘ఫిట్టరు’ అనియో, ‘వెల్డరు’ అనియో చెప్పును. అదే యూరి పురపాలక కార్యాలయమున కిరాణాకొట్టువాడు ‘ట్రేడు లైసెన్సు’నకు రుసుము చెల్లించును. తెలంగాణమున ఆ కొట్టుగదిని మడిగె యందురు. ఆ పిల్లవాడు చదువు ముగించి అట్టి మడిగెలోనే సొంతముగా వెల్డింగు పని ప్రారంభించినచో, ఆతడును లైసెన్సు తీసికొనవలసియుండును. ఆ కాగితములో అతని వృత్తి యను గడియు, వ్యాపారము అను గడియు నుండిన, దేనిలో నేమి వ్రాయవలయునో గుమాస్తా నడిగి తెలిసికొనును.