ఇసుర్రాయికి బహుమతి ఎవరిస్తారు?

సినిమాలకి బహుమతులిస్తారు. నవలలకిస్తారు. ముగ్గుల పోటీ గెలిస్తే స్టీలు గిన్నె ఇస్తారు. మ్యూజియాలకి కూడా ఏటేటా పోటీ వుంటుందంటే మాత్రం మా పుత్తూరులో ఎవరైనా నవ్వుతారు. "రాళ్ళకీ బొమ్మలకీ పోటీ యేందమ్మా?" అంటారు.

కానీ ఆ పోటీల చరిత్ర వింటే సరదాగానే వుంటుంది. 1973లో ఇంగ్లండులో ఆ యేటి మేటి మ్యూజియానికి బహుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. లండన్‌లోని మహా మహా మ్యూజియాలే తన్నుకుపోతాయని అనుకుంటాం కదూ? తీరా మొదటిసారి గెలిచింది కెండల్ అనే చిన్న వూరు. అక్కడి మ్యూజియం గొప్ప కిరీటాల్లో లేదు. ఆ కొండసీమ జనం ఎలా బతికారో, ఏ పనిముట్లతో పొట్ట పోసుకున్నారో చూపించింది. అంతే.

1977లో కెన్నెత్ హడ్సన్ అనే ఆయన యూరప్ మొత్తానికీ ఇలాంటి బహుమతి పెట్టాడు. ఎంత ఖరీదైన వస్తువులున్నాయని కాదు, చూడవచ్చినవాళ్ళకి ఏం అందుతోందన్నదే ఆయన కొలత. తొలి బహుమతి ఇంగ్లండులోని ఐరన్‌బ్రిడ్జికి దక్కింది. అక్కడున్నవి పాత ఇనుప కొలుములు, 1779లో నిలబెట్టిన ఇనుప వంతెన. అంతా మసిబారిన పనివాళ్ళ లోకం. ఈ బహుమతికి గుర్తు హెన్రీ మూర్ చేసిన 'గుడ్డు' శిల్పం. ఏడాది వుంచుకుని తర్వాతి విజేతకి అప్పగించాలి, పెళ్ళికి అరువు తెచ్చిన నగలాగా!

నాకు మరీ నచ్చింది 2014 బహుమతి. టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్ 2008లో ఒక ప్రేమ నవల రాసి, 2012లో ఇస్తాంబుల్‌లోని ఓ పాత ఇంట్లో దాని పేరుతోనే మ్యూజియం తెరిచాడు. కథానాయిక కాల్చిన సిగరెట్టు పీకలే 4213! ఇంకా టీ గ్లాసులూ, తలపిన్నులూ, ఉప్పు డబ్బాలూ. మనం రోజూ తుడిచి గూట్లో పెట్టుకునేవే.

ఇక మన సంగతి. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో రాతి, కంచు విగ్రహాలు భద్రంగా వున్నాయి, సంతోషం. మా పక్కనే నారాయణవనం గుడిలో పెద్ద తిరగలి వుంది. పద్మావతమ్మ పెళ్ళికి దానితోనే విసిరారని చెబుతారు. దేవుడి పెళ్ళిది కనుక అది బతికింది. మరి తెల్లవారుజామున రాగులు విసిరి ఇంటిల్లిపాదికీ సంగటి పెట్టిన అవ్వల ఇసుర్రాళ్ళో? పెరట్లో మొక్కల మధ్య పడివున్నాయి. ఇత్తడి బిందెలు పాతసామానువాడి తక్కెడెక్కాయి. మరమగ్గాలొచ్చాక చేతిమగ్గం చప్పుడు తగ్గింది.

వస్తువు పోతే దాని పేరూ పోతుంది. పట్టుకునే పద్ధతీ, పాడుకున్న పాటా పోతాయి. కెండల్ వాళ్ళు చేసిన ఘనకార్యమల్లా ఒకటే. వాటిని పోనివ్వకుండా ఒకచోట పెట్టి, 'ఇది ఫలానా, దీన్నిలా వాడేవాళ్ళం' అని చెప్పారు. అలా చెప్పగలిగిన అవ్వలు మన ఇళ్ళల్లో ఇంకా వున్నారు. బహుమతి మాట తర్వాత. ముందు వాళ్ళ దగ్గర కూర్చుని అడుగుదాం.